ఎడింబరో చదువు, మొగలితుర్రు కథ

మొక్కపాటి నరసింహశాస్త్రి (1892–1973) యువకుడిగా స్కాట్లండు వెళ్లి ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదువుకున్నారు. తిరిగివచ్చాక ఆయన రాసిన ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం 1924లో వెలువడింది. తెలుగువారిని వందేళ్లుగా నవ్విస్తున్న ఆ నవలకు పునాది ఆ సీమవాసమే.

రచయిత చదివింది వ్యవసాయం. కథానాయకుణ్ణి పంపింది మాత్రం బారిష్టరీకి. ఆ కాలంలో సీమచదువు అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది అదే. 1904లో ఇంగ్లండు వెళ్లిన టంగుటూరి ప్రకాశం బారిష్టరై వచ్చి మద్రాసులో పేరు మోశారు. ఆ మోజే పార్వతీశాన్ని కూడా ఊరు కదిలించింది.

తన ఊరు మొగలితుర్రు నుంచి మద్రాసు, కొలంబో, అక్కణ్ణుంచి ఓడమీద ఫ్రాన్సు, ఆపైన లండన్, ఎడింబరో: దారి పొడుగునా ప్రతి మజిలీ కళ్లకు కడుతుంది. మద్రాసులో పార్వతీశం దొరల టోపీ అనుకుని ఆడవాళ్ల టోపీ కొంటాడు. అది పెట్టుకుని దర్జాగా తిరుగుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అతనికి బోధపడదు, పాఠకుడికి వెంటనే తెలిసిపోతుంది. కథంతా పార్వతీశం నోటనే, వాడుక భాషలో నడవడం వల్ల కుదిరిన చమత్కారమిది. కొత్తచోట మనిషి పడే బెరుకు, పైకి చూపించే బింకం అనుభవించినవాడికే ఇంత దగ్గరగా తెలుస్తాయి.

అందుకే ఈ నవ్వులో ఎవరిమీదా చిన్నచూపు లేదు. పల్లెటూరివాణ్ణి రచయిత వెక్కిరించలేదు, దొరలను నెత్తికెత్తుకోలేదు. రెండు లోకాలూ ఎరిగిన మనిషి రెంటికీ మధ్య నిలబడి రాశారు.

తక్కిన రెండు భాగాలు దశాబ్దాల తర్వాత వచ్చాయి. రెండో భాగంలో పార్వతీశం ఎడింబరో జీవితానికి అలవాటు పడతాడు. తెలియనితనం తగ్గేకొద్దీ నవ్వు పలచబడి, ఆలోచన చిక్కబడుతుంది. మూడో భాగంలో స్వదేశం చేరి స్వాతంత్ర్యోద్యమంలో అడుగుపెడతాడు. సీమకు పోయినవాడి కథ దేశానికి తిరిగివచ్చినవాడి కథగా పూర్తవుతుంది.

పరాయిదేశంలో గడిపిన కాలం మొక్కపాటికి కథావస్తువుతో పాటు తనవాళ్లను కాస్త దూరం నుంచి, ప్రేమ తగ్గకుండా చూసే చూపునిచ్చింది. చిన్న ఊళ్ల నుంచి కూడా పిల్లలు పైచదువులకు విదేశాలు వెళుతున్న ఈ రోజుల్లో, వాళ్లూ ఇంట్లో పెద్దవాళ్లూ కలిసి చదువుకోవలసిన నవల ఇది.