గులాబీ రంగు డంబెల్

మా పక్క వీధి జిమ్‌లో ఆడవాళ్ళు చేరగానే చేతిలో పెట్టేది గులాబీ రంగు డంబెల్. 2 కిలోలు. "మీకివి చాలు మేడమ్, బరువులెత్తితే మగాళ్ళలా అయిపోతారు" అని పైగా ఒక ఉచిత సలహా. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 25 కిలోల బియ్యం బస్తాని వంటింట్లోకి ఈడ్చేది, సుమారు 30 కిలోలుండే నిండు సిలిండర్ని దొర్లించేది ఎవరట?

కండలు అంత తేలిగ్గా రావండీ. మగవాళ్ళతో పోలిస్తే మనలో టెస్టోస్టిరాన్ చాలా తక్కువ. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టుల్లో కలిపి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. దాని వెనక ఎన్నేళ్ళ సాధన! వారానికి రెండు రోజులు చేసే మనకా ఆ భయం?

అలాగని తేలిక బరువులు దండగ అనను. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో ఒక పరిశోధన వెలువరించారు. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే బరువులో 30 శాతంతో చేసినా, 80 శాతంతో చేసినా, ఇక నా వల్ల కాదు అనేదాకా చేస్తే కండ దాదాపు ఒకేలా పెరిగింది. (పరీక్ష కుర్రాళ్ళ మీదే చేశారు, మామూలే.) కానీ బలం మాత్రం ఎక్కువ బరువెత్తిన వాళ్ళకే ఎక్కువ పెరిగింది. అసలు కిటుకు ఆ "నా వల్ల కాదు"లో ఉంది. పదిసార్లు ఊపి ఫోన్ చూసుకుంటే రెండూ రావు.

"ఇంటిపనే వ్యాయామం కదా" అంటారు మా ఆడపడుచు. ఇరవయ్యేళ్ళుగా అదే బిందె, అదే బరువు. ఒంటికి అలవాటైపోయింది, ఇంక పెరగడానికి దానికేం పని?

మా అత్తయ్యగారు నేలమీద కూర్చోవడం మానేసి ఆరేళ్ళయింది. కూర్చుంటే లేవలేరు. వ్రతమైనా కుర్చీలోనే. నెలసరి ఆగాక కండతోపాటు ఎముకా తరిగిపోతుంది. ఎముకలు పలచబడ్డ అలాంటి స్త్రీల చేతే ఆస్ట్రేలియాలో ఎనిమిది నెలలపాటు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్ళెదుట పెద్ద బరువులెత్తించారు. వాళ్ళ వెన్నెముక సాంద్రత పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామాలు చేసుకున్న వాళ్ళకి తగ్గింది.

బీపీ, మోకాళ్ళ నొప్పులూ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. నేర్పేవాళ్ళు పక్కనుండాలి, బరువు మెల్లగా పెంచాలి. నేనిప్పుడు 12 కిలోలు పట్టుకుని గుంజిళ్ళు తీస్తున్నాను. ఆ గులాబీ డంబెల్ కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాను.