లెక్క అడిగితే తప్పేముంది?

మీ పోపుల డబ్బాలో ఎంత దాచారని ఎవరైనా అడిగితే మనలో ఎంతమందిమి నిజం చెబుతాం? నేనైతే చెప్పను. చెప్పక తప్పనిది ఒక్కసారే. అది 2016 నవంబరులో.

మావారి ఉద్యోగరీత్యా అప్పట్లో మేం అరకులోయలో ఉండేవాళ్ళం. కొండవాలు నిండా వలిసెపూలు పచ్చగా విరబూసే రోజులు. నవంబరు 8 రాత్రి ఎనిమిది గంటలకి ప్రధాని నరేంద్ర మోదీ టీవీలో కనిపించి, ఆ అర్ధరాత్రి నుంచి అయిదువందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నారు. మావారు టీవీకేసి చూస్తుంటే నేను వంటింటికేసి చూశాను. మెంతుల డబ్బా అడుగున ఇరవై మూడు అయిదువందల నోట్లున్నాయి. మా అమ్మ కంటి ఆపరేషన్ కోసం రెండేళ్ళుగా కూడబెట్టినవి.

మర్నాడు వాటిని తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇంత డబ్బు నీకెక్కడిది?" అన్నారు. కోపంగా కాదు, ఆశ్చర్యంగానే. పాల ఖర్చులో ఎంత మిగిలిందో, కథలకి వచ్చిన పారితోషికం ఎంతో రూపాయి రూపాయికీ లెక్క చెప్పాను. పక్కనే ఉన్న మా అత్తగారు కూడా రెండు ప్రశ్నలు వేశారు. మా ఇంట్లో ప్రతిపక్షం ఆవిడే మరి!

అప్పుడనిపించింది. పదకొండు వేల అయిదువందలకి నేనింత సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తే, దేశంలో చెలామణీలో ఉన్న నోట్ల విలువలో 86 శాతాన్ని ఒక్క రాత్రిలో రద్దు చేసినవాళ్ళని లెక్క అడగాల్సింది ఎవరు? ఎక్కడ?

పార్లమెంటులో అడగాలి. ముందుగా అడగాల్సింది ప్రతిపక్షం.

ఇది మనకి సంబంధం లేని రాజకీయం అనుకోకండి. ఆ వారం సంతకెళ్ళాను. ఏజెన్సీలో సంత అంటే అంగడి మాత్రమే కాదు, చాలామందికి బ్యాంకూ అదే. అల్లం, పసుపు, రాజ్‌మా చిక్కుళ్ళు అమ్ముకుని, ఆ డబ్బుతోనే ఉప్పూ నూనే ఎండుచేపలూ కొనుక్కుని సాయంత్రానికి కొండెక్కేస్తారు. పైగా అది కాఫీ పళ్ళు ఎర్రబడి కోతకొచ్చే కాలం. కూలీలకి డబ్బు ఇవ్వాలి, పళ్ళు కొన్నవాళ్ళు రైతులకి డబ్బు ఇవ్వాలి. అంతా చేతికి చేతికి జరిగే బేరమే.

నాకు అలవాటైన అల్లం ఆమె చెంగుముడి విప్పి ఒక అయిదువందల నోటు చూపించింది. "ఇది సెల్లదంట కదమ్మా, నిజమేనా? నిన్ననే ఓ షావుకారు ఇచ్చినాడు" అంది. చెల్లదని తెలిసే ఇచ్చాడన్నమాట. బ్యాంకులో మార్చుకోవచ్చని చెప్పాను. "ఆటోకి డబ్బులవుతాయి, ఆ రోజు కూలి పోద్ది. తీరా నా వంతొచ్చేసరికి అక్కడ డబ్బులు అయిపోతే?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిల్లర లేక ఆ రోజు ఆమె దగ్గర అల్లం కూడా కొనలేకపోయాను.

రూల్స్ అయినా నిలకడగా ఉన్నాయా అంటే అదీ లేదు. పాత నోట్లు మనిషికి నాలుగు వేల దాకా మార్చుకోవచ్చన్నారు. తర్వాత నాలుగున్నర వేలు అన్నారు. మళ్ళీ రెండు వేలకి దించారు. వేలికి సిరా పూశారు. నవంబరు 24 అర్ధరాత్రితో కౌంటర్లో మార్పిడే ఆపేశారు. రోజూ పేపరు చదివే నాకే తికమకైతే, కొండ మీద పల్లెలో ఉన్నామె సంగతేమిటి?

సరిగ్గా ఆ 24వ తారీఖునే రాజ్యసభలో మన్మోహన్ సింగ్ లేచారు. ఆ సభలో ప్రతిపక్ష నాయకుడు గులాం నబీ ఆజాద్. అయినా ఆ రోజు దేశం చెవి ఒగ్గింది మన్మోహన్ మాటకే. ఎందుకంటే ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరుగా చేసినవారు. 1991లో దేశం దగ్గర విదేశీ మారకద్రవ్యం అడుగంటినప్పుడు మన పి.వి.నరసింహారావు గారి ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి. తర్వాత పదేళ్ళు ప్రధాని. ఎదుటి బల్లల్లో అప్పటి ప్రధాని కూర్చుని ఉండగా ఆయన నెమ్మదిగా మాట్లాడారు. జనం బ్యాంకులో వేసుకున్న తమ డబ్బు తామే తీసుకోలేని దేశం ఇంకెక్కడైనా ఉందా అని అడిగారు. దేశ ఆదాయం పెరుగుదల రెండు శాతం తగ్గవచ్చన్నారు. పల్లెవాళ్ళకి ఆధారమైన సహకార బ్యాంకుల చేతులు కట్టేశారన్నారు. ఇది వ్యవస్థీకృత దోపిడీ అనీ అన్నారు.

ఆయన లెక్క అచ్చంగా నిజమైందా లేదా అని ఆర్థికవేత్తలు వాదించుకోవచ్చు. నాకు ముఖ్యమనిపించింది మరొకటి. అరకు సంతలో అల్లం ఆమె నన్నడిగిన ప్రశ్నే ఢిల్లీలో పెద్ద సభలో వినిపించింది. ఆమెకి ఆ సంగతి తెలియదు. ఆయనకి ఆమె తెలియదు. ప్రజాస్వామ్యంలో ప్రతిపక్షం చేయాల్సిన పని అదే కదా!

అయితే ప్రతిపక్షాన్ని నెత్తిన పెట్టుకోవాలనీ నేను అనను. నవంబరు 16 నుంచి డిసెంబరు 16 దాకా జరిగిన ఆ సమావేశాల్లో లోక్‌సభ తన సమయంలో ఆరో వంతు కూడా పని చేయలేదు. ఓటింగు ఉండే చర్చ కావాలని వాళ్ళు, ఓటింగు లేని చర్చకయితే సరేనని వీళ్ళు. నెల రోజులూ అరుపులతోనే గడిచిపోయాయి. అడగడం వేరు, అరవడం వేరు. ఇంట్లో కూడా అంతే. గిన్నెలు విసిరితే లెక్క తేలదు.

ఇంకో సంగతి. అప్పుడు లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడే లేరు. సభలో పదో వంతు స్థానాలున్న పార్టీకే ఆ హోదా ఇవ్వడం ఆనవాయితీ. 2014లో కాంగ్రెస్‌కి వచ్చినవి 44. ఆ కుర్చీ పదేళ్ళు ఖాళీగా ఉండి, 2024 జూన్‌లో రాహుల్ గాంధీతో నిండింది. ఇంటి యజమాని ఎంత మంచివాడైనా, అడిగేవాళ్ళు లేని ఇల్లు ఎలా ఉంటుందో మనకి తెలియంది కాదు.

మరి లెక్క తేలిందా? 2018 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకి తిరిగొచ్చేశాయట. అంటే నూటికి 99 పైగా. నల్లడబ్బు కాగితాలై మిగిలిపోతుందన్న ఆశ నెరవేరలేదు. ఫోన్లో డబ్బు చెల్లించే అలవాటు పెరిగింది, అది కాదనను. కానీ ఆ రోజు సెల్లు సిగ్నలే అందని కొండల్లో ఆ మాట ఎవరికి ఊరట?

2023 జనవరి 2న సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు నోట్ల రద్దు చెల్లుతుందన్నారు. కాదన్న ఒకే ఒక్కరు జస్టిస్ బి.వి.నాగరత్న. కేంద్రమే తలపెట్టిన ఇంత పెద్ద పనిని ఆర్డినెన్సో, పార్లమెంటు చట్టమో చేసి అమలు చేయాల్సిందని ఆమె తీర్పు. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు మొదట ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది. అయిదుగురిలో ఆ ప్రశ్న వేసింది ఒక స్త్రీ కావడం నాకు గర్వంగానే ఉంది.

మళ్ళీ అరకుకే వస్తాను. 2009లో తొలిసారి ఎన్నిక జరిగిన అరకు లోక్‌సభ స్థానం నుంచి 2014 నుంచి వరసగా ముగ్గురు స్త్రీలే గెలిచారు. కొత్తపల్లి గీత, గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మా తనూజారాణి. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో అరకు కాఫీ స్టాళ్ళు కూడా పెట్టారు. సంతోషమే. అదే ఏడాది అరకు మండలం చినలబుడులో బెర్రీ బోరర్ అనే కాయతొలుచు పురుగు కాఫీ తోటల్లో కనబడింది. పంట పీకి పారేయాల్సి వచ్చిన రైతులకి గుండె ఆగినంత పనైంది. కాఫీ కప్పుతో పాటు వీళ్ళ ప్రశ్న కూడా ఆ సభలోకి వెళ్ళాలి కదా. అది ఏ పార్టీ సభ్యులు అడిగినా సరే.

ఏ సభ్యులు ఏం ప్రశ్న వేశారో, మంత్రి ఏం జవాబిచ్చారో లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఉంటుంది. మధ్యాహ్నం పనయ్యాక పిల్లల ఫోన్ తీసుకుని మన ఎంపీ పేరు కొట్టి చూడండి. ఓట్లకొచ్చినప్పుడు ఏం ఇస్తారని కాదు, సభలో ఏం అడిగారని అడుగుదాం.

ఇక మా అమ్మ సంగతంటారా, ఆ డబ్బంతా ఖాతాలో పడి, ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి, మళ్ళీ పోగయ్యేసరికి సంక్రాంతి దాటిపోయింది. ఆ రెండు నెలలూ అమ్మ బియ్యంలో రాళ్ళు తడుముకుంటూ ఏరింది. ఎవరి లెక్కలోనూ అది చేరలేదు. అందుకే నేనిప్పుడు అడుగుతున్నాను.