గట్టు మీది అడవి వంగ

పొలం గట్ల మీద, రోడ్డు పక్క బీళ్ళలో ఎవరూ నాటకుండానే మొలిచే అడవి వంగకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు సోలానమ్ ఇన్సానమ్. కూర వంగ సోలానమ్ మెలాంజినా. కూర వంగకు 1753లో, అడవి వంగకు 1767లో పేర్లు పెట్టిన లిన్నేయస్ రెంటినీ వేర్వేరు జాతులుగా లెక్కగట్టాడు. తర్వాత చాలా పుస్తకాలు అడవి వంగను కూర వంగలోనే ఒక రకంగా కలిపేశాయి. 2013లో వృక్షశాస్త్రజ్ఞురాలు సాండ్రా నాప్ బృందం మళ్ళీ విడదీసింది.

ఈ తర్జనభర్జనకు మూలం మొక్కల్లోనే ఉంది. నిఖార్సయిన అడవి వంగకు కాండం, ఆకులు, ముచ్చిక అన్నీ ముళ్ళే. కాయ గోలీకాయంత, ఆకుపచ్చ మీద లేత చారలతో ఉండి, పండితే పసుపెక్కుతుంది. తింటే చేదు. ఇక అక్కడి నుంచి పెరటి వంగ దాకా ముళ్ళు తగ్గుతూ, కాయ పెరుగుతూ వచ్చే నడిమి మొక్కలు ఎన్నో. కొన్ని పెరడు దాటి బీళ్ళలో మొలిచినవి, కొన్ని రెంటి కలయికలో పుట్టినవి. రెంటికీ 24 క్రోమోజోములే. కలిసి పుట్టిన మొక్క గొడ్డుపోదు, మళ్ళీ విత్తనం కడుతుంది. జాతుల మధ్య గీత చెరిగేది ఇక్కడే.

వంగ పుప్పొడి కేసరాల కొనన ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి రాలాలి. తుమ్మెద పువ్వును కరుచుకుని ఒళ్ళు అదరగొడితే బాగా రాలుతుంది. వంగ చాలావరకు సొంత పుప్పొడితోనే కాయ కడుతుంది. అయినా ఆ తుమ్మెద గట్టు మీది పువ్వు నుంచి మడిలోకి ఎగిరితే కలయికకు దారి పడ్డట్టే.

సాగు మొక్క జన్యువు పక్క మొక్కల్లోకి పాకే ఈ చిక్కు పత్తిలో అంతగా లేదు. 2002లో అనుమతి పొందిన, బయటి జన్యువు చొప్పించిన బీటీ పత్తి 52 క్రోమోజోముల అమెరికన్ పత్తి, దేశవాళీ పత్తికి 26. అవి మామూలుగా కలవవు. వంగ సంగతి వేరు. బీటీ వంగ మీద హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో అభిప్రాయ సేకరణ జరిపిన అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ 2010 ఫిబ్రవరి 9న ఆ వంగ విడుదలను నిలిపివేశారు. వంగకు పుట్టిల్లుగా భావించే దేశంలో కొత్త జన్యువు స్థానిక, అడవి రకాల్లోకి పాకుతుందన్నది అప్పటి అభ్యంతరాల్లో ఒకటి. ఆ భయం సబబైనదే.

జన్యువుల రాకపోకల్లో రెండో వైపూ ఉంది. నీరు కట్టకుండా, ఎరువు వేయకుండా బతికే అడవి వంగ గుణాలు రేపటి వంగడాలకు అక్కరకొస్తాయి. గట్లన్నిటికీ గడ్డిమందు కొడితే ఆ గుణాలూ పోతాయి. విత్తనం సేకరించేవాళ్ళు పుస్తకంలో బొమ్మకు సరిపోయే మొక్కలతోనే ఆగితే చాలదు. ఏ పేరుకీ ఒదగని నడిమి మొక్కల గింజలు కూడా ఊరు, నేల వివరాలతో విత్తన నిధికి చేరాలి.