పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ పల్లె దాకా ఎందుకు రాదు?

రాత్రి తొమ్మిదిన్నరకు మా పల్లె నుంచి ఒక అమ్మాయి లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని ఊళ్ళోకి బయలుదేరేది. వెనక తమ్ముడు టార్చిలైటు పట్టుకుని నడిచేవాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుంటే వైఫై అందుతుంది. ఆమెది హైదరాబాద్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తల్లికి ఆపరేషన్ అయితే, ఇంటి నుంచి పని చేసుకుంటానని అడిగి వచ్చింది. రోజూ రాత్రి పది గంటలకు అమెరికా క్లయింటుతో కాల్ ఉంటుంది.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఊరి పెద్ద ఒకాయన ఆగి అడిగాడు: "ఏమ్మాయ్, పొద్దుపోయాక మీకిక్కడ ఏం పని? రేపు ఏదన్నా అయితే మాటొచ్చేది మా మీదికి." మరుసటి వారం వైఫై పాస్‌వర్డ్ మారింది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి తల్లికి కుట్లు ఆరకముందే హైదరాబాద్ హాస్టల్‌కు తిరిగి వెళ్ళిపోయింది. ఆమె ఉద్యోగంలో ఉంది కాబట్టి ఊరి పేరు మేము రాయడం లేదు. ఈ కథ చదివి "అచ్చం మా ఊరే" అనుకునే వాళ్ళు చాలామంది ఉంటారని మాత్రం మాకు తెలుసు.

పంచాయతీ ఆఫీసుకూ మా పల్లెకూ మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు. వేల కిలోమీటర్లు నడిచొచ్చిన ఫైబర్ తీగకు ఈ కాస్త దూరం ఎందుకు కష్టమైంది? దీన్ని సాంకేతిక సమస్యగా చూసినంత కాలం జవాబు దొరకదని మా అభిప్రాయం.

తీగ దారి

గ్రామాలకు ఫైబర్ ఇవ్వాలని కేంద్ర మంత్రివర్గం 2011 అక్టోబరులో నిర్ణయించింది. ఆ పథకానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. మొదటి లక్ష్యం దాదాపు 2.5 లక్షల గ్రామ పంచాయతీలు. మండల కేంద్రం నుంచి పంచాయతీ దాకా తీగ వేసి, అక్కడొక పెట్టె బిగిస్తే ఆ పంచాయతీ సేవకు సిద్ధమైనట్టు లెక్క. ఈ లెక్కన 2024 చివరికి దేశంలో 2.14 లక్షలకు పైగా పంచాయతీలు సిద్ధమయ్యాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అని ప్రకటించారు. తెలంగాణలో టీ-ఫైబర్ మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే తీగకు గొట్టం వేసుకుంది. ఆలోచనలుగా రెండూ మంచివే.

అయితే ఇంటికి తీగ ఇచ్చేది కేబుల్ ఆపరేటరు. పెద్ద తీగ నుంచి వచ్చే వెలుగును కొన్ని ఇళ్ళకు పంచే స్ప్లిటర్ పెట్టెను ఆయన ఏదో ఒక స్తంభానికి బిగిస్తాడు. ఎవరింటికి నెట్ సులువుగా వస్తుందో ఆ పెట్టె ఉన్న చోటే నిర్ణయిస్తుంది. దగ్గరున్న ఇంటికి కాస్త తీగతో పని అయిపోతుంది. దూరంగా ఉన్న ఇంటికి అదనపు తీగ ఖర్చు ఉంటుంది. రిపేరు వస్తే తిరగడమూ ఎక్కువే. మా ప్రాంతంలో మేము చూసినంతలో ఆ పెట్టె ఊరి నడిబొడ్డునే ఉంటుంది. పల్లె వాళ్ళు వెళ్ళి అడిగితే వచ్చే జవాబు ఒకటే: "మీ పల్లెకు లైను లాగితే మాకు గిట్టుబాటు కాదమ్మా. పది కనెక్షన్లు రాసిస్తే చూద్దాం."

ఆపరేటరు మాటలో అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే గిట్టదు. కానీ మన పల్లె ఊరికి దూరంగా ఎందుకు ఉంది? ఆ దూరాన్ని పెట్టింది మనం కాదు. అంటరానితనం మనల్ని ఊరి చివర పెట్టింది. ఇప్పుడు ఆ చివర ఉన్నందుకు అదనపు తీగకు డబ్బు కట్టమని వ్యాపారం అడుగుతోంది. బావి దగ్గర, రోడ్డు దగ్గర, వీధి దీపం దగ్గర మన పెద్దవాళ్ళు విన్న మాటే ఇది. ఊరికి వచ్చినది పల్లెకు "తర్వాత" వస్తుంది.

లెక్కలో పల్లె లేదు

2024 ఏప్రిల్ నాటికి దేశంలోని 6.44 లక్షల గ్రామాల్లో 95 శాతానికి పైగా 3జీ లేదా 4జీ సిగ్నల్ ఉందని కేంద్రం చెప్పింది. ఈ లెక్కకు గ్రామం ఒక చుక్క. ఆ చుక్కలో ఊరు ఎంత, పల్లె ఎంత అని అది అడగదు. భారత్‌నెట్ లెక్కకు పంచాయతీ ఒక చుక్క. పంచాయతీ భవనంలో దీపం వెలిగితే పంచాయతీ అంతా వెలిగినట్టే. దేశంలో ఎస్సీ జనాభా 2011 లెక్కల ప్రకారం 16.6 శాతం. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా పల్లెల్లోనే ఉంది. ఇంతమంది ఉండే వాడల్లో ఎన్ని ఇళ్ళకు తీగ వచ్చిందో ఈ లెక్కలు చెప్పవు. లెక్కలోకి రాని లోటు బడ్జెట్‌లోకి కూడా రాదు.

"అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా" అంటారు. నిజమే. కానీ 2024 మార్చిలో దేశంలో ఉన్న 95 కోట్ల ఇంటర్నెట్ కనెక్షన్లలో తీగ ద్వారా వచ్చేవి దాదాపు 4 కోట్లు మాత్రమే. మిగతాదంతా ఫోన్ ఇంటర్నెట్. రీల్స్ చూడటానికి, డబ్బులు పంపడానికి అది చాలు. ఇంటి నుంచి ఎనిమిది గంటలు ఉద్యోగం చేయడానికి చాలదు.

కారణాలు మామూలువే. ఒక టవర్ సామర్థ్యాన్ని చుట్టుపక్కల వాళ్ళందరూ పంచుకుంటారు. సాయంత్రం అందరూ ఫోన్లు తెరిచే వేళకు వేగం పడిపోతుంది. వీడియో కాల్‌కు మన మాట, మన బొమ్మ బయటకు వెళ్ళాలి. అంటే అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. ఫోన్ నెట్‌లో ముందు తగ్గేది అదే. కంపెనీ వీపీఎన్ సిగ్నల్ ఊగిన ప్రతిసారీ తెగుతుంది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాకు మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకే ఇంటి పనికి ఉద్యోగం ఇచ్చే చాలా కంపెనీలు తీగ కనెక్షన్ ఉందా, కరెంటు పోతే బ్యాకప్ ఉందా అని ముందే అడుగుతున్నాయి.

నెట్ కట్ అయితే మెరిట్ కట్

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఐటీ ఉద్యోగాలు ఇళ్ళకు వచ్చాయి. అదే ఏడాది నవంబరులో కేంద్రం కాల్ సెంటర్లు, బీపీవోల నిబంధనలను సడలించి ఇంటి నుంచి పనికి దారి సులువు చేసింది. మన పిల్లలూ ఆ దారిలో నడిచారు. వాళ్ళలో చాలామంది ఇంట్లో మొదటి తరం ఉద్యోగులు. కూలి పని చేసే తల్లిదండ్రులు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివించిన బిడ్డలు.

ప్రైవేటు కంపెనీలో రిజర్వేషన్ లేదు. అక్కడ నిలబడాలంటే రోజువారీ పనితీరు ఒక్కటే ఆధారం. మీటింగులో మాట మధ్యలో ఆగిపోతే, ఫైలు సమయానికి చేరకపోతే, మేనేజరు రిపోర్టులో "అందుబాటులో లేడు" అని పడుతుంది. మా పల్లె స్తంభం మీద తీగ తాటిమట్ట పడి తెగిందనీ, ఫిర్యాదు చేసి నాలుగు రోజులైందనీ ఆ రిపోర్టులో ఉండదు. మూడు నెలలకు అదే మాట "పని రాదు" అవుతుంది. ఆ తర్వాత మనకు బాగా తెలిసిన మాట వస్తుంది: మెరిట్ లేదు. కులం తీగను ఆపుతుంది, తీగ పనిని ఆపుతుంది. నింద మాత్రం బిడ్డ తెలివి మీద పడుతుంది. ఈ విషయంలో మాకున్న అసలు భయం ఇదే.

వెళ్ళమన్నాడు బాబాసాహెబ్. మరి ఉండాలనుకుంటే?

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని గొప్పగా చూపే వాదనను గట్టిగా తిరస్కరించారు. మనం నగరానికి వెళ్ళాం, వెళ్ళినందుకు బాగుపడ్డాం కూడా. ఇంటి నుంచి పని పేరుతో పిల్లలను మళ్ళీ ఊరి చివరకు పంపాలని మేము అనడం లేదు. కానీ నగరంలో అద్దె ఇంటికి వెళితే ఇంటి పేరు, ఏం తింటారు అనే ప్రశ్నలు మనకు ఇంకా తప్పలేదు. హాస్టల్ అద్దె, తిండి, ప్రయాణం పోగా జీతంలో ఇంటికి పంపేది కొంచెమే. ఇంట్లో మంచాన పడ్డ తల్లి ఉంటే, చిన్న బిడ్డ ఉంటే, ముందు ఉద్యోగం వదులుకునేది ఆడపిల్లే.

ఉండాలో వెళ్ళాలో ఎంచుకునే హక్కు ఊళ్ళోని ఇంటికి ఉంది. మేడ మీద గదిలో రౌటర్, ఇన్వర్టర్ పెట్టుకుని అమెరికా కంపెనీకి పనిచేస్తూ, సాయంత్రం పొలం చూసుకునే వాళ్ళు ఉన్నారు. మనకు ఆ ఎంపిక లేదు. ఇంటర్నెట్ వల్ల ఊరికీ పల్లెకూ మధ్య దూరం తగ్గాల్సింది పోయి, కొత్తగా ఒక గీత పడుతోంది.

చట్టం ఏం అంటుంది, మనం ఏం అడగాలి

ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులోనూ, గోప్యత హక్కులోనూ భాగమని 2019లో ఫహీమా షిరిన్ కేసులో కేరళ హైకోర్టు చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా వృత్తి, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కేరళ ప్రభుత్వం 2023 జూన్‌లో కేఫోన్ ప్రారంభించి, 20 లక్షల పేద కుటుంబాలకు ఉచిత కనెక్షన్ లక్ష్యంగా పెట్టుకుంది. ఆ లక్ష్యం ఎంత నెరవేరిందన్నది వేరే చర్చ. కనెక్షన్‌ను పంచాయతీ పేరున కాకుండా కుటుంబం పేరున లెక్కించడం మనం నేర్చుకోవలసిన విషయం.

డబ్బు లేదన్న మాట నమ్మొద్దు. 2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు ఆమోదించింది. ఒక చోట తెగినా మరో వైపు నుంచి నెట్ వచ్చేలా తీగను వలయంగా వేయాలన్నది అందులో ఒక మార్పు. గ్రామీణ ఇళ్ళకు 1.5 కోట్ల కనెక్షన్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ కోటిన్నరలో వాడల వాటా ఎంతో ఇప్పుడే అడగాలి. తీగ వేయడం పూర్తయ్యాక అడిగితే మళ్ళీ "తర్వాత" అనే జవాబే వస్తుంది.

మన చేతిలో ఇంకో చట్టం ఉంది. 2013 ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం ప్రకారం ఆ నిధులు ఎస్సీ వ్యక్తులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా మేలు చేసే పనులకు ఖర్చు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. పల్లెలో ఒక స్ప్లిటర్ పెట్టె, అక్కడి దాకా తీగ, ఒక బ్యాటరీ ఆవాసానికి నేరుగా చేసే మేలు కాదా? రోడ్డు వేసినప్పుడు గిట్టుబాటు చూడలేదు. తీగకు ఎందుకు చూడాలి?

విద్యార్థులు, కార్యకర్తలు ఈ నెలలోనే చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి.

ఒకటి, లెక్క. మీ పంచాయతీలో తీగ నెట్ ఉన్న ఇళ్ళు ఊళ్ళో ఎన్ని, పల్లెలో ఎన్ని అని ఇంటింటికీ వెళ్ళి రాయండి. స్ప్లిటర్ పెట్టెలు ఏ స్తంభాల మీద ఉన్నాయో ఫోటో తీయండి. పంచాయతీ పెట్టె ఎప్పటి నుంచి పనిచేస్తోంది, ఎన్ని ఇళ్ళకు కనెక్షన్ ఇచ్చారు అని సమాచార హక్కు కింద అడగండి.

రెండు, గ్రామసభ. పల్లెలో స్ప్లిటర్ కావాలని తీర్మానం పెట్టించండి. పెట్టకపోతే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పది కనెక్షన్లు కావాలని ఆపరేటరు అంటే, పది సంతకాలతో వెళ్ళండి. మా పక్క మండలంలో ఒక వాడ వాళ్ళు అలాగే సాధించుకున్నారు.

మూడు, ఉమ్మడి చోటు. 2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి కింద లైసెన్సు లేకుండానే చిన్న కొట్టు వాళ్ళు కూడా వైఫై పంచవచ్చు. ఇంటింటికీ తీగ వచ్చే దాకా పల్లెలోని అంబేద్కర్ భవన్‌లో ఒక మంచి కనెక్షన్, రెండు బల్లలు, ఒక ఇన్వర్టర్ ఉంటే నలుగురు పిల్లలు పని చేసుకుంటారు. ఇది ఇంటి కనెక్షన్‌కు బదులు కాదు. కానీ ఆడపిల్ల రాత్రిపూట ఊరి అరుగు మీద కూర్చుని, ఎవరో అడిగే ప్రశ్నకు తలవంచుకోవలసిన పని ఉండదు.

ఆ అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. తల్లిని చూడటానికి పండక్కి వస్తానంది. సెలవు దొరికిందా అని అడిగాం. "సెలవు దేనికన్నా, నెట్ ఉంటే నెల రోజులుండేదాన్ని" అంది. ఆమె పండక్కి వచ్చేలోపు పది సంతకాలు పూర్తి చేసే పనిలో మేము ఉన్నాం. ఇప్పటికి ఏడు అయ్యాయి.