ట్యాంక్ లేని మాసబ్‌ట్యాంక్

'అమ్మా, ఇక్కడ ట్యాంకెక్కడుంది?'

సిటీబస్సు మాసబ్‌ట్యాంక్ స్టాపులో ఆగినప్పుడు ఏదో ఒక బుడతడు అడిగే ప్రశ్నే ఇది. 'పేరంతేరా, కుదురుగా కూర్చో' అంటుంది అమ్మ. అక్కడితో సరి. అసలు కథ మొదలవ్వాల్సింది అక్కడే కదా!

హైదరాబాద్‌లోని ఆ చోట నిజంగానే చెరువుండేది. కుతుబ్‌షాహీల ఇంటి పెద్దావిడని జనం గౌరవంగా 'మా సాహెబా' అనేవారు. ఆవిడ పేరున్న చెరువు కాబట్టి మా సాహెబా తలాబ్. నోళ్లలో నలిగీ నలిగీ మా సాహెబా కాస్తా మాసబ్ అయింది, తలాబ్ ట్యాంకైంది. నీళ్లు పోయాయి. పేరు మాత్రం బస్సు బోర్డుకెక్కి తిరుగుతోంది.

మూసారాంబాగ్ సంగతి మరీ తమాషా. రెండో నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1798లో చనిపోయాడు. 'మాన్సియర్ రేమండ్' అనడానికి మనవాళ్లకి నోరు తిరగలేదు. కొందరు మూసా రహీమ్ అన్నారు, కొందరు మూసా రామ్ చేసుకున్నారు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. నగరంలో ఉన్నవాళ్లు ఓ ఆదివారం షాపింగ్ మాల్ మానేసి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొచ్చు.

పల్లెటూళ్ల పేర్లలో ఇంకా చాలా సరుకుంది. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం. ఆ కరవు సీమలో సముద్రమేంటి? పెద్ద చెరువుని మన పెద్దలు సముద్రమనే అనేవారు. చుక్క నీటికోసం ఎదురుచూసే చోట చెరువు కట్టినవాడు సముద్రాన్నే తెచ్చినట్టు లెక్క! కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనముంది. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని... అన్నీ రాయి మీద రాసి పెట్టారు. అదే కోనసీమకెళ్తే ఊబలంక, ఎదుర్లంక. గోదారి నీళ్ల మధ్య మేట వేసిన నేలే లంక. ఊరి పేరు చెబితే చాలు, నీళ్లెటున్నాయో తెలిసిపోతుంది.

ఇదంతా పాతకాలం కబుర్లు చెప్పుకుని మురిసిపోవడానికే కాదు. 2020 అక్టోబరులో కురిసిన వానలకి హైదరాబాద్‌లో చెరువుల కింద, పాత కుంటల్లో వెలసిన కాలనీలు మునిగిపోయాయి. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, ఈశాన్యం చూస్తాం. ఆ స్థలాన్ని పాతవాళ్లు ఏమని పిలిచేవారో అడగం. కుంట అనే మాట పక్కన పెట్టి ఏదో ఎన్‌క్లేవ్ అని బోర్డు పెడితే వాననీటికి ఆ సంగతి తెలియదు కదా!

పిల్లలకి ఈ పని అప్పగించడం తేలికే. ఓ నోట్‌బుక్, పెన్సిల్ చాలు. మొదట తామున్న వీధి, తర్వాత బస్‌స్టాపు, ఆపైన అమ్మమ్మగారి ఊరు. పోస్ట్‌మ్యాన్‌నీ, కూరలమ్మే అవ్వనీ, అరుగుమీద తాతనీ అడగమనండి. పల్లెలోనైతే పొలాల పేర్లు కూడా. చింతమాను చేను అని పిలిచేచోట చింతమాను లేకపోతే అదెప్పుడు పోయిందో కనుక్కోమనండి. చెరువుగట్టు మీదికి మాత్రం పెద్దవాళ్లు తోడుండాలి.

ఇద్దరిని అడిగితే మూడు కథలొస్తాయి. నెల్లూరు పేరు నెల్లిచెట్టు, అంటే ఉసిరిచెట్టు నుంచి వచ్చిందని కొందరు, వరిని చెప్పే 'నెల్' నుంచి వచ్చిందని కొందరు అంటారు. ఏది నిజమో తేల్చేయకండి. రెండూ రాయించి, ఎవరు చెప్పారో పక్కన వేయించండి. నవ్వులాటగా కనిపించే ఈ పనికి డాక్టరేట్ కూడా వచ్చింది. కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి పరిశోధన చేసింది కడప జిల్లా ఊరి పేర్ల మీదే.

ఒక్కచోట మాత్రం పెద్దవాళ్లు తడబడతారు. ఊరి చివరి వాడకి కులం పేరు ఎందుకుంది, ఆ ఇళ్లు ఊరికి దూరంగా ఎందుకున్నాయి అని పిల్లలు అడుగుతారు. 'నీకెందుకవన్నీ' అని కసరకండి. ఒకప్పుడు వాళ్లని ఊళ్లోకి రానివ్వలేదని, అది అన్యాయమని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ వాడలోని పెద్దవాళ్లు తమ వీధిని ఏమని పిలుచుకుంటారో కూడా అడిగి రాయమనండి. చాలాసార్లు ఆ పేరు వేరేగా ఉంటుంది.