పండ్లకు లాటిను పేర్లేల?

వృక్షశాస్త్రపు తరగతులలో మన విద్యార్థులు మామిడిని, నేరేడును, వెలగను లాటిను పేర్లతో వల్లించుట చూచి నవ్వువారు కొందరు, గర్వించువారు కొందరు. నవ్వువారు తాము భాషాభిమానులమందురు. గర్వించువారు తాము శాస్త్రజ్ఞులమందురు. ఉభయులును పొరబడుచున్నారని మా యభిప్రాయము. మొదటివారు మనవారే గనుక వారితోనే ముందుగా వాదింతుము.

లాటిను పరాయి భాష, దాని నేల నేర్వవలెనని వారి ప్రశ్న. పరాయిదే, కాదనము. కాని అది నేడు ఏ జాతికిని తల్లిభాష కాదు. దానిని మాటాడు దొర ఎవడును మన నెత్తిపై గూర్చుండి లేడు. స్వీడను దేశస్థుడగు లిన్నేయసు 1753లో ప్రకటించిన గ్రంథమున ప్రతి మొక్కకును రెండు మాటల పేరు నియమించెను. మామిడికి మాంజిఫెరా ఇండికా. మొదటి మాట ఇంటిపేరు, రెండవది పెట్టిన పేరు. ఐరోపావారు తమ ఇంటిపేరును చివర వ్రాసికొందురు. ముందు వ్రాయువారము మనము. ఈ పద్ధతి తెలుగు బాలునకు బోధపడినంత సులభముగా ఇంగ్లీషు బాలునకు బోధపడదు.

పోనిండు, ఆ మాంజిఫెరా ఏమి? మలయాళపు మాఙ్ఙ పోర్చుగీసువారి నోట మంగా అయ్యెను. దానికి 'ధరించునది' అను లాటిను తోక తగిలించిరి. మన సోదరభాష మాట రోమను అంగీ తొడిగికొని ప్రపంచమంతట తిరుగుచున్నది. పాలపండు చెట్టుకు శాస్త్రజ్ఞులు వాడు మనిల్కరా అను పేరును మలయాళమునుండి పోయినదే. ఈ మాట లెట్లు పోయినవి? డచ్చి దొర వాన్ రీడు 1678 మొదలు 1693 వరకు ఆంస్టర్‌డాము నగరమున పండ్రెండు సంపుటములుగా వెలువరించిన హోర్టుసు మలబారికుసు అను గ్రంథములో ఇట్టి అచ్యుతుడను ఈళవ వైద్యుడును, కొంకణి బ్రాహ్మణ పండితులును చెప్పిన విషయములు లాటినున కెక్కినవి. తమ పూర్వుల విద్యను మలయాళములో చదువుటకు కేరళీయులు 2008వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చెను! లాటిను రానందుననే గదా ఈ మూడువందల ముప్పది యేండ్ల ఉపవాసము? మణిలాలు అను ఆచార్యుడు ఆ భాషను పట్టుదలతో సాధించి ఇంగ్లీషులోనికిని, మలయాళములోనికిని దానిని తెచ్చెను. దేశసేవ యనగా నిదియు నొకటి.

మన యింటి సంగతి కూడ జూతము. సామర్లకోటలో రాక్సుబరో అను కుంపిణీ వైద్యుడు 1781 మొదలు పండ్రెండేండ్లు ఉండి, మన అడవులను, తోటలను గాలించి, మొక్కల తెలుగు పేర్లను విని వ్రాసికొనెను. సోమిద మాను నేటికిని సోయిమిడా అను పేరుతోనే శాస్త్రమున నిలిచియున్నది. దేశీయ చిత్రకారులు బొమ్మలు వ్రాసిరి. 1795 మొదలుకొని లండనులో వెలువడిన కోరమాండలు తీరపు మొక్కల గ్రంథముఖమున రాక్సుబరో పేరున్నది, బ్యాంక్సు పేరున్నది, కుంపిణీ డైరెక్టర్ల ప్రసక్తి యున్నది. కుంచె పట్టిన వారి పేరు లేదు. ఈ దస్తావేజు చదువనేరనివాడు తన భాగము నెట్లు అడుగగలడు?

ఇక రెండవ పక్షము. సిజీజియం క్యుమిని అని గడగడ అప్పగించి, నీడనిచ్చుచున్న చెట్టు నేరేడని యెరుగని పట్టభద్రుని మేము చూచితిమి. అతనిని తప్పుపట్టము, అట్లు నేర్పినవారిని తప్పుపట్టుదుము. ఉసిరి చెట్టునకును, గట్టుమీది జానెడు కలుపుమొక్కకును ఏమి సంబంధము? కంటికి ఏమియు లేదు. అయినను మన పల్లెవారు రెండవదానిని నేల ఉసిరి యనిరి. శాస్త్రజ్ఞులు రెంటిని ఫిల్లాంతసు అను ఒకే యింటిపేరున చేర్చిరి. బ్రెజిలునుండి పోర్చుగీసులు తెచ్చిన కొత్త చెట్టునకు మనవారు జీడిమామిడి అని పేరిడిరి. జీడి, మామిడి, జీడిమామిడి మూడును ఒకే కుటుంబమని శాస్త్రము చెప్పుచున్నది. లాటిను ముక్క రాని రైతు చుట్టరికము పసిగట్టెను. (అన్నివేళల గాదు, మామిడల్లమునకు మామిడితో ఏ బంధుత్వమును లేదు.) ఈ రెండు పేర్లను ప్రక్కప్రక్కన నిలిపి చూపిన ఉపాధ్యాయునకు వేరే పాఠ మక్కరలేదు.

ఇండికా అను మాట కనబడగానే ఛాతి విరుచువారికి నొక హెచ్చరిక. చింతకు టామరిండసు ఇండికా అని పేరు. అది అరబ్బుల 'హిందూదేశపు ఖర్జూరము'. ఆ చెట్టు పుట్టినిల్లు ఆఫ్రికా. సీతాఫలము అమెరికానుండి వచ్చినది. దానికి సీతమ్మ పేరు పెట్టి ఇంట చేర్చుకొన్నవారము మనము. అంత పెద్దమనసు గల భాష అనోనా స్క్వామోసా అను రెండు మాటలకు జడియునా?

ఇది పండితుల వినోదము కాదు. పసుపుతో గాయములు మాన్పుట తమ క్రొత్త కల్పన యని అమెరికాలో కొందరు 1995లో పేటెంటు పొందిరి. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథముల సాక్ష్యము చూపగా 1997లో అది రద్దయ్యెను. 1999లో నేరేడు, కాకర, వంకాయ, పొడపత్రి మొదలగువాని మిశ్రమములకు మధుమేహౌషధములని అచ్చటనే మరియొక పేటెంటు ఈయబడెను. ఇట్టి వ్యాజ్యములలో ప్రతివాది సిజీజియం అనును, మన తాళపత్రము జంబూ అనును, మన సాక్షి నేరేడు అనును. మూడును ఒకటేయని రుజువు చేయలేని వకీలు కోర్టులో నోరు మూసికొని కూర్చుండవలసినదే. ఈ యవసరము గుర్తించియే 2001లో మన ప్రభుత్వము సంప్రదాయ విజ్ఞానపు అంకాత్మక గ్రంథాలయమును ఆరంభించెను.

లాటిను తొలగిన తెలుగు వచ్చునని భ్రమపడువారు ఒక్క సంగతి గమనింపవలెను. క్రొత్త మొక్క వర్ణన లాటినులోనే యుండవలెనను నియమము 1935 నుండి యుండెను. 2012 జనవరి 1 నుండి దానిని సడలించిరి. ఎవరికొరకు? ఇంగ్లీషులోనైనను వ్రాయవచ్చుననిరి. ఖాళీయైన పీటమీద ఎవరు కూర్చుండిరో చూచితిరి గదా!

అయితే లాటినునకును ఒక ఎల్ల గలదు. బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, సువర్ణరేఖ, కొత్తపల్లి కొబ్బరి, పునాస — అన్నియు దానికి మాంజిఫెరా ఇండికాయే. రుచి తెలిసిన పేరు తెలుగే. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు రైతు నోట నిలిచియుండుటచేతనే గదా లభించినది. ఊరికొక్క చెట్టుగా మిగిలి, పేరు చెప్పగల ముసలివారితో పాటు పోవుచున్న మామిళ్లు ఎన్ని గలవో! పఠనమందిరముల కార్యదర్శులు ఈ వేసవిలో నొక పుస్తకము కుట్టి బల్లమీద నుంచవలెను. తమ యూరి పండు పేరు, అది కాచు నెల, చెట్టున్న తోట, తెలిసిన యెడల లాటిను పేరు వచ్చినవారెల్ల అందు వ్రాయుదురు గాక. మాకు నకలు పంపినయెడల వారమున కొక పుట అందుకై విడుతుము.