పాట మసకబారితే లోపం ఫోనుదా, చెవిదా?

ప్రశ్న: నా వయస్సు 24 సంవత్సరాలు. అవివాహితుణ్ణి. ఉద్యోగం కోసం రోజూ హన్మకొండ నుంచి జనగామకు బస్సులో వెళ్ళి వస్తాను. రానూపోనూ మూడు గంటలు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో పాటలు వింటాను. ఆరు నెలలుగా పాటలో మాటలు మునుపటిలా స్పష్టంగా తెలియడం లేదు. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి కూసినట్లుంటోంది. ఇయర్‌ఫోన్లు రెండు జతలు మార్చినా ప్రయోజనం లేదు. ఫోనుకు విడిగా మంచి డ్యాక్ తగిలించి, ఖరీదైన హెడ్‌ఫోన్లు కొనమని మిత్రుడు చెబుతున్నాడు. ఎనిమిది వేలు ఖర్చవుతుంది. కొనమంటారా?

జవాబు: ఆ ఎనిమిది వేలు ప్రస్తుతానికి జేబులోనే ఉంచండి. రెండు జతలు మార్చినా పాట బాగుపడలేదంటే అనుమానించవలసింది ముందు చెవిని.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని కాక్లియా అనే భాగం ఉంటుంది. అందులో సుమారు 15,000 సున్నితమైన రోమ కణాలుంటాయి. శబ్దాన్ని అందుకుని నరానికి అందించేవి ఇవే. పెద్ద శబ్దం చాలాకాలం సోకితే ఇవి అలసిపోతాయి, తర్వాత చచ్చిపోతాయి. చచ్చినవి మళ్ళీ మొలవవు. వాటిని మొలిపించే మందు మా దగ్గర లేదు. ముందుగా దెబ్బతినేవి సాధారణంగా హెచ్చు శ్రుతులను అందుకునే కణాలు. స, శ వంటి అక్షరాల పదును, తాళాల చప్పుడు ఆ శ్రుతుల్లోనే ఉంటాయి. అందుకే పాట వినిపిస్తుంది గాని మాట తెలియదు. మనిషి వాల్యూమ్ ఇంకాస్త పెంచుతాడు. మిగిలిన కణాలకూ ముప్పు తెస్తాడు.

మందుకు ఉన్నట్లే శబ్దానికీ మోతాదు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవారు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకైతే 75 డెసిబెల్సే. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా అనుమతించే కాలం సగమవుతుంది. 90 డెసిబెల్స్ వద్ద వారానికి 4 గంటలు, 100 వద్ద 20 నిమిషాలు మాత్రమే. మీరు వారానికి ఆరు రోజులు, రోజుకు మూడు గంటల చొప్పున 18 గంటలు వింటున్నారు. బస్సు ఇంజను హోరును మించి వినిపించేలా పెట్టుకుంటే మోతాదు ఎన్ని రెట్లు దాటిందో మీరే లెక్క కట్టుకోండి.

ఇక డ్యాక్ సంగతి. ఫోనులో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను విద్యుత్ తరంగాలుగా మార్చే పరికరమే డ్యాక్. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న ప్రతి ఫోనులోనూ అది లోపలే ఉంటుంది. రంధ్రం లేని ఫోనుకు చిన్న డ్యాక్ ఉన్న అడాప్టరు చాలు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో డ్యాక్ వాటిలోనే ఉంటుంది కనుక విడిగా కొన్నది దండుగ. 16 నుంచి 32 ఓముల హెడ్‌ఫోన్లను ఫోను సాధారణంగా తేలికగా నడుపుతుంది. 250, 300 ఓముల పెద్ద హెడ్‌ఫోన్లకే అదనపు బలం కావాలి. విడి డ్యాక్‌లు చాలావరకు ఫోను కంటే ఎక్కువ బలంతో శబ్దాన్ని నెడతాయి. కాస్త బిగ్గరగా వినిపించేదే మన మనస్సుకు నాణ్యంగా తోస్తుంది. దుకాణంలో మోసపోయేది ఇక్కడే. రెండింటినీ ఒకే స్థాయిలో ఉంచి పోల్చండి. కొత్తది తగిలించినప్పుడు వాల్యూమ్ సున్నా నుంచి మొదలుపెట్టండి.

హెడ్‌ఫోన్లు కొనేటప్పుడు మీరు చూడవలసిన గుణం ఒక్కటే: బయటి హోరును ఎంత ఆపుతుంది? చెవికి సరిపడే రబ్బరు మొనలున్నవి, చెవిని పూర్తిగా కప్పేవి మేలు. ఇంజను వంటి ఏకధాటి హోరును తగ్గించే నాయిస్ క్యాన్సలింగ్ రకం బస్సు ప్రయాణానికి బాగా పనికివస్తుంది. బస్సులో సగం వాల్యూమ్‌తో పాట హాయిగా వినిపిస్తే అది మంచి హెడ్‌ఫోన్. వినిపించకపోతే ఎంత ఖరీదైనదైనా మీకు పనికిరాదు. అయితే రోడ్డు మీద నడిచేటప్పుడు, రైలు పట్టాలు దాటేటప్పుడు తీసివేయాలి. చెవిలో చీము కారేవారు లోపల దూర్చే రకం వాడకూడదు. ఒకరివి మరొకరు పెట్టుకోకూడదు.

వెంటనే చేయవలసింది చెబుతాను. ఈ రోజు నుంచే ఇయర్‌ఫోన్లు మానండి. మీకు దగ్గరలోని పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళి ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోండి. ఒక్కోసారి గుబిలి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది. అదే అయితే డాక్టరు తీసివేస్తారు. మీరు మాత్రం పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టి తిప్పకండి. ఎప్పుడైనా ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోతే మాత్రం అదే రోజు డాక్టరును కలవాలి. ఆలస్యమైతే చికిత్స ఫలించకపోవచ్చు.

పరీక్షలో లోపం కనిపించినా అధైర్యపడకండి. పోయింది తిరిగి రాకపోయినా, ఉన్నది కాపాడుకోవచ్చు. మీకింకా 24 ఏళ్ళే. ఆ చెవులతో మరో యాభై ఏళ్ళు వినవలసి ఉంది. పరీక్ష ఫలితం వచ్చాక మళ్ళీ రాయండి. హెడ్‌ఫోన్ల సంగతి అప్పుడు ఆలోచిద్దాం.